‘ఈ ప్రోటోకాల్’ అంటే ఏ ప్రోటోకాల్?

కొన్ని రకాల వచనాన్ని ఎవరూ ఇష్టంగా చదవరు. మందుల డబ్బాలో మడిచిపెట్టిన సన్న కాగితం, ఇన్సూరెన్సు పాలసీ వెనక పేజీలు, సాఫ్ట్‌వేర్ మాన్యువల్. వీటిలో మూడోది రాయడం నా ఉద్యోగం. మాన్యువల్‌ని ఆదివారం మధ్యాహ్నం పడక్కుర్చీలో కూర్చుని చదివేవాళ్లు ఉండరు. ఏదో ఆగిపోయుంటుంది, ఫోన్లు మోగుతుంటాయి, వెనక ఎవరో నిలబడి “ఇంకెంతసేపు?” అంటుంటారు. అప్పుడు తెరుస్తారు. అదీ మొదటి పేజీ నుంచి కాదు, వెతికితే తగిలిన పేరా దగ్గర్నుంచి. దానికి ముందు పేజీల్లో మనం ఎంత వివరంగా రాసినా ఆ మనిషికి అది లేనట్టే లెక్క.

నేను ఎక్కువగా రాసేది ఎన్‌ఎఫ్‌ఎస్ గురించి. నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్. వేరే గదిలోనో వేరే ఊళ్లోనో ఉన్న సర్వర్‌లోని ఫైళ్లు మన కంప్యూటర్‌లోనే ఉన్న ఫోల్డర్‌లా కనబడేటట్టు చేసే ఏర్పాటు ఇది. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తీసుకొచ్చింది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు గానీ ఎన్‌ఎఫ్‌ఎస్ ఉంది. ఎక్కడో ఉన్న ఫోల్డర్‌ని తెచ్చి మన దగ్గర తగిలించుకోవడాన్ని ‘మౌంట్’ చేయడం అంటారు. అలా ఒకసారి తగిలించాక వాడేవాళ్లకి దూరం సంగతి గుర్తుండదు. అది తెగినప్పుడే గుర్తొస్తుంది.

ఇందులో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన మాట ‘ప్రోటోకాల్’. ఎందుకో చెప్పాలంటే కొంచెం లోపలికి వెళ్లాలి. రాజమండ్రి నుంచి హైదరాబాదుకి ఆర్టీసీ కార్గోలో ఆవకాయ పంపుతున్నారనుకోండి. లోపల ఏముంది అనేది ఒక సంగతి. దాన్ని ఎలా ప్యాక్ చేసి, పైన ఏమని రాశారు అనేది ఇంకోటి. ఏ బస్సు ఎక్కించారు అనేది మూడోది. ఆ బస్సు ఏ రోడ్డు మీద వెళ్తుంది అనేది నాలుగోది. ఎన్‌ఎఫ్‌ఎస్‌లోనూ ఇంచుమించు ఇంతే. “ఈ ఫైల్లో ఇక్కణ్నుంచి ఇన్ని బైట్లు చదివి పంపు” అనే అడగడం ఎన్‌ఎఫ్‌ఎస్ ప్రోటోకాల్. దానికి వెర్షన్లున్నాయి: రెండోది 1989లో, మూడోది 1995లో, నాలుగోది 2000లో ఆర్‌ఎఫ్‌సీలుగా అచ్చయ్యాయి. ఆ అభ్యర్థనని చుట్టి, ఇది ఫలానా సర్వీసుకి, ఫలానా నంబరు అభ్యర్థన అని రాసిపెట్టేది ఆర్‌పీసీ ప్రోటోకాల్. ఆ చుట్టని మోసుకెళ్లేది టీసీపీ, లేదా యూడీపీ. వీటిని ట్రాన్స్‌పోర్ట్ ప్రోటోకాల్ అంటారు. కింద ఐపీ, అదీ ప్రోటోకాలే. ఇవి చాలవన్నట్టు వెర్షన్ 3లో ముందుగా సర్వర్ గేటు దగ్గర పాసు తీసుకోవడానికి మౌంట్ ప్రోటోకాల్ అని వేరే ఉంది. మొత్తం ఐదు. ఐదింటికీ ఇంటిపేరు ఒకటే. పెళ్లింట్లో “రావుగారూ” అని పిలిస్తే ఐదుగురు తిరిగి చూసినట్టు ఉంటుంది.

మా గైడ్‌లో ఒక పేజీ ఉండేది. నేను చేరకముందు ఎప్పుడో రాసింది. ‘ట్రాన్స్‌పోర్ట్ ప్రోటోకాల్’ అనే చిన్న శీర్షిక, దాని కింద మూడు వాక్యాలు. వాటిని తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటాయి: “వెర్షన్ 4 టీసీపీ మీద నడుస్తుంది. వెర్షన్ 3 కూడా టీసీపీని వాడగలదు. ఈ ప్రోటోకాల్‌కు ఫైర్‌వాల్‌లో 2049 పోర్టు ఒక్కటి తెరిస్తే చాలు.”

విడివిడిగా చూస్తే ఏ వాక్యమూ అబద్ధం కాదు. మొదటిది నిజం, రెండోది నిజం. మూడోది వెర్షన్ 4 గురించి అయితే నిజం. వెర్షన్ 4లో పాసు తీసుకోవడం, ఫైల్‌కి తాళం వేయడం లాంటి పనులన్నీ ప్రధాన ప్రోటోకాల్‌లోనే కలిపేశారు కాబట్టి 2049 ఒక్కటి సరిపోతుంది. వెర్షన్ 3కి మామూలుగా అది చాలదు. ముందు 111 పోర్టు దగ్గరికి వెళ్లి “మౌంట్ సర్వీసు ఏ పోర్టులో ఉంది?” అని అడగాలి. అది చెప్పిన చోటుకి వెళ్లి పాసు తెచ్చుకోవాలి. ఆ తర్వాతే 2049. తాళాల సర్వీసుకి ఇంకో పోర్టు.

ఒక ఊళ్లో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్. అక్కడి స్కానింగ్ మెషీన్‌కి వెర్షన్ 3 తప్ప రాదు. శని, ఆదివారాల్లో కొత్త ఫైర్‌వాల్ పెట్టారు. పెట్టింది కాంట్రాక్టు మీద పనిచేసే కుర్రాడు. మా పేజీ చదివాడు. శీర్షికలో ట్రాన్స్‌పోర్ట్ ప్రోటోకాల్ అని ఉంది కాబట్టి ‘ఈ ప్రోటోకాల్’ అంటే టీసీపీ అనుకున్నాడు. టీసీపీ 2049 తెరిచాడు, మిగతావన్నీ మూశాడు. సోమవారం పొద్దున మౌంట్ అవలేదు. ఎర్రర్ కూడా వెంటనే రాలేదు, అలా వేలాడుతూ ఉండిపోయింది. 2049 తెరిచి ఉందో లేదో పరీక్షించి చూస్తే తెరిచే ఉంది. దాంతో అనుమానం ఫైర్‌వాల్ మీద నుంచి సర్వర్ మీదకి, సర్వర్ మీద నుంచి కేబుళ్ల మీదకి పోయింది. మూడు గంటలు. హాల్లో రిపోర్టుల కోసం జనం. లోపల డాక్టరుకి స్కాన్ బొమ్మలు తెరుచుకోవు.

ఇదంతా నాకు తెలిసింది సపోర్ట్ టికెట్‌లో. టికెట్ అంటే ఫిర్యాదు ఫైలు. అందులో మావాళ్లు మామూలుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “డాక్యుమెంట్ చూడకుండా మార్పులు చేశారా?” దాని కింద ఆ కుర్రాడు ఇంగ్లీషులో రెండే ముక్కలు రాశాడు. చదివాననీ, అందులో ఉన్నట్టే చేశాననీ. కింద మా పేజీ లింకు. అదే టికెట్‌లో రెండు మెయిళ్ల తర్వాత అతని పై అధికారి ఎవరో, ఇకనుంచి అనుభవం ఉన్నవాళ్లని పంపమని కోరాడు. టికెట్ మూసేటప్పుడు ‘మూలకారణం’ గడిలో మావాళ్లు పెట్టింది: యూజర్ ఎర్రర్.

నేను ఆ పేజీ పట్టుకుని మా సీనియర్ ఇంజనీరు దగ్గరికి వెళ్లాను. ఆయనకి ఎన్‌ఎఫ్‌ఎస్ లోపలి సంగతులు ఇంట్లో వంటగదిలా తెలుసు.

“ఇందులో తప్పేముంది మేడం? వెర్షన్ ఫోర్‌కి 2049 ఒక్కటే కదా.”

“వెర్షన్ ఫోర్‌కి అని లేదు సార్. ‘ఈ ప్రోటోకాల్‌కు’ అని ఉంది.”

“అంటే వెర్షన్ ఫోరే.”

“పై వాక్యం వెర్షన్ త్రీ గురించి. శీర్షికేమో టీసీపీ గురించి. మధ్యలో ఉన్నాయన ఏమనుకోవాలి?”

“పోర్టుల సంగతి తెలిసినవాడెవడైనా కరెక్టుగానే అర్థం చేసుకుంటాడు.”

“పోర్టుల సంగతి తెలిసినవాడికి ఈ పేజీతో పనేముంది సార్?”

ఆయన నవ్వారు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. తర్వాత చెప్పిన మాటలు నాకు బాగా ఉపయోగపడ్డాయి. మొదట్లో ఎన్‌ఎఫ్‌ఎస్ అంటే యూడీపీ మీద నడిచేదే. వాడుకలో ఇంకో బండి లేదు. ఒకటే ఉన్నప్పుడు దాని పేరు చెప్పాల్సిన పనేముంది? ప్రోటోకాల్ అంటే అందరికీ తెలిసిన ఆ ఒక్క ఏర్పాటే. తర్వాత టీసీపీ వచ్చింది, ఆర్‌డీఎంఏ వచ్చింది, ఐపీలో ఆరో వెర్షన్ వచ్చింది. మాటలు మాత్రం పాతవే మిగిలాయి. నాకు వెంటనే నాటుకోడి గుర్తొచ్చింది. బ్రాయిలర్ రాకముందు మన ఊళ్లలో అది ఉత్త కోడే. రెండోది వచ్చాక మొదటిదానికి ముందు ఒక మాట చేర్చాల్సొచ్చింది. భాషలో ఈ పని జనం వాళ్లంతట వాళ్లే చేసేస్తారు, ఎవరూ చెప్పక్కర్లేదు. మాన్యువల్‌లో మాత్రం ఎవరో ఒకరు కూర్చుని చేయాలి.

ఆ రోజు నుంచి ఆ గైడ్‌ని అనుమానంగా చదవడం మొదలుపెట్టాను. ‘ప్రోటోకాల్’ ఒక్కటే కాదు, అలాంటి జంట మాటలు చాలా ఉన్నాయి. ‘ఫ్రాగ్‌మెంట్’ చూడండి. పెద్ద అభ్యర్థన ఒక ప్యాకెట్‌లో పట్టకపోతే ఐపీ దాన్ని ముక్కలు చేస్తుంది. అవి ఐపీ ఫ్రాగ్‌మెంట్లు. టీసీపీ మీద అయితే సంగతి వేరు. టీసీపీకి మన అభ్యర్థన ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు, దానికి అంతా ఒకే బైట్ల ధార. అందుకని ఆర్‌పీసీ ఒక్కో ముక్క ముందు నాలుగు బైట్ల గుర్తు పెడుతుంది: ఇదే చివరి ముక్కా కాదా అని ఒక బిట్, పొడవెంతో చెప్పడానికి 31 బిట్లు. ఈ ముక్కల పేరు కూడా ఫ్రాగ్‌మెంటే. మొదటిదానితో రెండోదానికి చుట్టరికం లేదు.

‘మళ్లీ పంపడం’ కూడా అంతే. దారిలో పోయిన ముక్కని టీసీపీ తనంతట తాను మళ్లీ పంపుతుంది. జవాబు రాకపోతే పైనున్న ఆర్‌పీసీ మొత్తం అభ్యర్థననే మళ్లీ పంపుతుంది. ఇంగ్లీషులో రెండూ రీట్రాన్స్‌మిషనే. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, ఫైల్ తీసేయమని అడిగారు, సర్వర్ తీసేసింది, ఆ సంగతి చెప్పే జవాబు దారిలో పోయింది. అదే అభ్యర్థన రెండోసారి వెళ్తే “అలాంటి ఫైలే లేదు” అని జవాబొస్తుంది. పని అయింది, ఎర్రర్ కూడా వచ్చింది. దీన్నుంచి కాపాడుకోవడానికే సర్వర్లు ఈమధ్య ఇచ్చిన జవాబుల్ని కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి. వెర్షన్ 4 అయితే కనెక్షన్ తెగకుండా అదే అభ్యర్థనని మళ్లీ పంపకూడదని నియమమే పెట్టింది. “రీట్రాన్స్‌మిషన్ సంగతి ప్రోటోకాల్ చూసుకుంటుంది” అని మా గైడ్ ఒకచోట ధీమాగా చెప్పేది. ఏ రీట్రాన్స్‌మిషన్? ఏ ప్రోటోకాల్?

ఇవన్నీ వ్యాకరణం పట్టింపులు కావని నాకు గట్టిగా తెలిసింది యూడీపీ గురించి చదివాక. ఒక ప్యాకెట్ ముక్కలన్నీ ఒకే ప్యాకెట్‌వి అని గుర్తుపట్టడానికి పాత ఐపీ, అంటే నాలుగో వెర్షన్, వాటి మీద 16 బిట్ల సంఖ్య వేస్తుంది. అంటే 65,536 సంఖ్యలు, అంతే. సెకనుకి ఒక గిగాబిట్ వెళ్లే లైన్ మీద 1500 బైట్ల ప్యాకెట్లు నిండుగా పోతుంటే సెకనుకి ఎనభై వేల పైచిలుకు అవుతాయి. ప్యాకెట్‌కో సంఖ్య చొప్పున పోతే సెకను గడవకముందే సంఖ్యలన్నీ అయిపోయి మళ్లీ మొదటికొస్తాయి. ఒక్కో అభ్యర్థన కొన్ని ముక్కలై వెళ్తుంది కాబట్టి కొన్ని సెకన్లు పట్టవచ్చు. అవతలి లినక్స్ మెషీన్ మాత్రం, రాని ముక్క కోసం మామూలుగా 30 సెకన్లు ఎదురుచూస్తుంది. ఈలోపు అదే సంఖ్యతో వేరే అభ్యర్థన ముక్క వస్తే దీనికీ దానికీ అతికించేస్తుంది. పట్టుకోవడానికి యూడీపీ చెక్‌సమ్ ఉంది గానీ అదీ 16 బిట్లే, ఎప్పుడో ఒకప్పుడు జారిపోతుంది. అప్పుడు ఎర్రర్ రాదు. ఫైల్ మామూలుగానే సేవ్ అవుతుంది. లోపల మాత్రం వేరే ఫైల్ ముక్క ఉంటుంది. స్కాన్ బొమ్మలు, జీతాల పట్టీలు, ఎవరి థీసిస్సో. లినక్స్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ మాన్యువల్ పేజీలో ఈ హెచ్చరిక విడిగా ఉంది. 2020లో వచ్చిన 5.6 కెర్నెల్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎస్‌కి యూడీపీని, కావాలని ఎంచుకుంటే తప్ప, ఆపేసే పెట్టారు.

మరి “యూడీపీ వాడొద్దు” అని గైడ్‌లో రాసేస్తే సరిపోదా? అక్కడే ఆర్‌డీఎంఏ అడ్డం వస్తుంది. ఒక మెషీన్ మెమరీలోంచి ఇంకో మెషీన్ మెమరీలోకి డేటాని నేరుగా చేర్చే పద్ధతి అది. లినక్స్‌లో మౌంట్ చేసేటప్పుడు ‘ప్రోటో’ అనే ఆప్షన్‌కి టీసీపీ అని ఇచ్చినట్టే ఆర్‌డీఎంఏ అని కూడా ఇవ్వొచ్చు. నిజానికి ఆర్‌డీఎంఏ అనేది ఒక ప్రోటోకాల్ పేరు కాదు. కొన్నిచోట్ల ఇన్ఫినీబ్యాండ్ మీద, ఐవార్ప్ అయితే టీసీపీ మీద, రాకీ రెండో వెర్షన్ అయితే యూడీపీ 4791 పోర్టు మీద నడుస్తుంది. “యూడీపీ వద్దు” అన్న వాక్యాన్ని నమ్మి ఎవరైనా నెట్‌వర్క్‌లో యూడీపీ మొత్తం మూసేస్తే రాకీ ఆగిపోతుంది. మనం వద్దన్నది ఆర్‌పీసీ నేరుగా యూడీపీ ఎక్కడాన్ని. అతను మూసింది దారిలోని యూడీపీ అంతటినీ. ‘ప్రోటో’కి ఇచ్చే విలువలు ఆరు: యూడీపీ, టీసీపీ, ఆర్‌డీఎంఏ, వాటిలో ఐపీ ఆరో వెర్షన్ కోసం చివర 6 చేర్చినవి మూడు. టీసీపీ6 అనే ప్రోటోకాల్ ప్రపంచంలో లేదు. అది ‘ఫలానా బస్సు, ఫలానా రోడ్డు’ అని రెండూ కలిపి చెప్పే గుర్తు. అందుకే దానికి ‘నెట్‌ఐడీ’ అని వేరే పేరు ఎప్పుడో పెట్టారు. మంచి పేరు. గైడ్లు రాసేవాళ్లమే దాన్ని సరిగ్గా వాడుకోలేదు.

కొత్తగా చేరిన పిల్లలకి ఇవన్నీ చెప్పే క్లాసు ఒకటి నా మీద పడింది. వాళ్లలో తెలుగు మీడియంలో చదువుకుని వచ్చినవాళ్లు సగం మంది. స్లయిడ్లు ఇంగ్లీషులోనే, మాట్లాడేది తెలుగులో. ‘ట్రాన్స్‌పోర్ట్’ని ‘రవాణా’ అని ఒకసారి అని చూశాను. రవాణా శాఖ, డ్రైవింగ్ లైసెన్సు అంటూ నవ్వులు మొదలయ్యాయి, వదిలేశాను. కానీ వేరే సంగతి ఒకటి గమనించాను. ఇంగ్లీషులో అన్నిటికీ ఒకటే ‘ఓవర్’. ఎన్‌ఎఫ్‌ఎస్ ఓవర్ ఆర్‌పీసీ ఓవర్ టీసీపీ ఓవర్ ఐపీ. బోర్డు మీద నిచ్చెనలా రాసేయొచ్చు, ఎవరూ అడగరు. తెలుగులో ఒక వాక్యంగా చెప్పబోతే నోరు ఆగుతుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ అభ్యర్థనని ఆర్‌పీసీలో చుట్టి, టీసీపీకి అప్పజెప్పి, ఐపీ దారిలో పంపుతాం. ఒక ‘లో’, ఒక ‘కి’, మళ్లీ ఒక ‘లో’. ఒక్కో చోట ఒక్కో క్రియ. ఎవరు ఎవరికి ఏం చేస్తున్నారో తేల్చుకోకుండా వాక్యం పూర్తవదు. వెనక బెంచీ అమ్మాయి ఒకతి, “అయితే మేడం, టీసీపీకి లోపల ఎన్‌ఎఫ్‌ఎస్ ఉందని అసలు తెలీదా?” అంది. తెలీదు. ఆ ఒక్క ప్రశ్న నా పది స్లయిడ్ల పెట్టు.

అలాగని తెలుగులో రాస్తే తికమక ఉండదని నేననను. ‘ఈ ప్రోటోకాల్’ తెలుగులోనూ అంతే గోడమీద పిల్లి. ‘ఇది’, ‘అది’, ‘దీనికి’ అనే మాటలు రాసేవాళ్లకి చాలా సుఖం. ఎందుకంటే అవి దేన్ని చూపిస్తున్నాయో రాసేవాళ్లకి తెలుసు. ఎదురుగా మాట్లాడేటప్పుడైతే వేలు చూపిస్తాం. పేజీకి వేలు లేదు.

చివరికి ఆ గైడ్‌కి మూడు నియమాలు పెట్టుకున్నాం. ప్రోటోకాల్ అనే మాట ఒంటరిగా రాకూడదు, ముందు దాని పేరు ఉండాలి. 3, 4 అనే సంఖ్యల గురించి మాట్లాడేటప్పుడు ప్రోటోకాల్ అనొద్దు, వెర్షన్ అనాలి. మౌంట్ ఆప్షన్‌లో ఇచ్చే విలువని నెట్‌ఐడీ అనాలి. ఆ పేజీలో ఉన్న మూడో వాక్యం ఇప్పుడు రెండయింది: వెర్షన్ 4 అయితే టీసీపీ 2049 చాలు. వెర్షన్ 3 అయితే దానితోపాటు 111నీ, మౌంట్, లాక్ సర్వీసులకి కేటాయించిన పోర్టుల్నీ తెరవాలి. రివ్యూలో ఒకాయన “లెంగ్త్ పెరిగింది” అని రాశారు. పెరిగింది. మా సీనియర్ ఇంజనీరు దాని కిందే “ఉండనివ్వండి” అని రాశారు.

టికెట్ సంగతి అంత తేలిగ్గా తెమలలేదు. మూసేసిన టికెట్ మళ్లీ తెరవడం సపోర్ట్ వాళ్లకి ఇష్టముండదు, వాళ్ల లెక్కలు మారిపోతాయి. మూడు రోజులు మెయిళ్లు పెట్టాను. పాత పేజీ, కొత్త పేజీ పక్కపక్కన పెట్టి, ఈ పేజీ చదివిన మనిషి వేరేలా ఎందుకు చేస్తాడో చెప్పమని అడిగాను. మూలకారణం గడిలో ‘యూజర్ ఎర్రర్’ తీసి ‘డాక్యుమెంటేషన్’ అని పెట్టారు. ఆ మార్పు అతని పై అధికారి దాకా వెళ్లిందో లేదో నాకు తెలిసే దారి లేదు. టికెట్‌లో అతని దగ్గర్నుంచి మాత్రం ఒక థాంక్స్ వచ్చింది.

వాక్యంలో ఉన్న అస్పష్టతకి ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తారు. రాసినవాళ్లు కాదు, బాగా తెలిసినవాళ్లూ కాదు. ప్రశ్న అడిగితే లోకువైపోతానేమో అన్న భయంతో, పేజీలో ఉన్నదాన్ని ఉన్నట్టు నమ్మేవాళ్లు. కాంట్రాక్టు ఎప్పుడు పోతుందో తెలియనివాళ్లు.

ఈమధ్య ఇంకో పేజీ నా వాటాకి వచ్చింది. ఎన్‌ఎఫ్‌ఎస్ రాకపోకల్ని ఎన్‌క్రిప్ట్ చేయడానికి ఆర్‌పీసీకి టీఎల్‌ఎస్ జోడించారు. 2022 ఆర్‌ఎఫ్‌సీ అది. టీఎల్‌ఎస్ అంటే ట్రాన్స్‌పోర్ట్ లేయర్ సెక్యూరిటీ. పేరులోనే ట్రాన్స్‌పోర్ట్ ఉంది, కానీ ఎన్‌ఎఫ్‌ఎస్ లెక్కలో అది ట్రాన్స్‌పోర్ట్ కాదు. కింద నడిచేది టీసీపీయే, నెట్‌ఐడీ మారదు. పేజీ మొదటి వాక్యం అదే పెట్టాను. ఇంకా రివ్యూలో ఉంది.